మూడు ముళ్ళ పానా

దీపం ముందర కూర్చొని రాస్తున్నాను. ఇందులో ఒక్క మాట కల్పించినా ఈ దీపమే నన్ను అడుగుతుంది.

ఇది నాకు జరిగింది. ఒకరు చెప్పగా విన్నది కాదు. కల అసలే కాదు... ఆ రాత్రి నేను రెప్ప వేయలేదు. నా ఒడిలో మా ఆడబిడ్డ గౌరి తల ఉండింది. ఆమె కడుపులో బిడ్డ ఉండింది. రెండు ప్రాణాలు ఒడిలో పెట్టుకొని ఎవరికి నిద్ర వస్తుంది చెప్పండి.

ఆ రాత్రి ఒక చిన్న ఇనుప పనిముట్టు... జానెడు కూడా ఉండదు... రాలేని చోటికి వచ్చింది. ఎవరు తెచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చినందుకు మాత్రం రోజూ రెండు పూటలా దండం పెట్టుకుంటున్నాను.

మొదటినుంచి చెప్తాను.

మాది బాగేపల్లి. తరతరాలుగా గుడి పూజ చేసే ఇల్లు. మా ఇంటాయనకు మాత్రం చిన్నప్పుడే మనసు మోటార్ల మీదికి పోయింది. చింతామణిలో ఒక భూస్వామి ఇంట్లో మోటారు నడపడం నేర్చుకున్నారు. ఆ ఇంట్లోనే పాత పెద్ద మోటారు ఒకటి చెడిపోయి పశువుల కొట్టం పక్కన పడి ఉండేది. ఎనిమిది మంది కూర్చోవచ్చు. ముందు ఇంజను, వెనకంతా కొయ్యతో కట్టిన పెట్టె, రెండు పక్కలా కాలు పెట్టి ఎక్కడానికి పొడుగాటి పలకలు. అందులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటూ ఉండేవి. "నడిపించుకోగలిగితే తోలుకుపో అప్పా, కొట్టానికి చోటవుతాది" అన్నారట ఆ పెద్దాయన. ఈయన ఆరు నెలలు దాని కింద పడుకొని, పైకెక్కి, లోపల దూరి, చివరికి ఒకనాడు మా వీధిలోకి తోలుకొచ్చారు. ఊరివాళ్ళు దానికి కోళ్ళగూడు అని పేరు పెట్టారు.

"ఏం సామీ, కోళ్ళగూడు ఈ పొద్దు కూసిందా?" అని అడిగేవాళ్ళు.

"కూసింది. గుడ్డు పెడితే నీకే తెచ్చిస్తాలేప్పా" అనేవారు ఈయన.

అప్పుడు యుద్ధం నడుస్తోంది. పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవాళ్ళు. మోటారు సామాన్లు దొరికేవి కావు. బాగుచేసేవాళ్ళు కావాలంటే బెంగుళూరు పోవాలి. అందుకని రిపేరంతా ఈయనే చేసుకునేవారు. అందుకు కావలసిన పనిముట్లు కూడా ఎన్నో లేవు. నట్లు విప్పే పానాలు ఏడు. స్క్రూడ్రైవర్లు రెండు. పట్టకారు, సుత్తి, ఆకురాయి, ముక్కు పొడుగు నూనె డబ్బా. బండిని లేపే జాకీ ఒకటి. వాటితో అంత పెద్ద బండినీ విప్పి, నేల మీద పరిచి, మళ్ళీ కట్టేవారు. నేను పక్కన బియ్యం ఏరుకుంటూ చూసేదాన్ని.

"మొదట వేళ్ళతో తిప్పి చూడాల. కదలకపోతేనే పానా. పానా నట్టుకు సరిగ్గా కూర్చోవాల. వదులుగా ఉంటే మూలలు అరిగిపోతాయి. మూలలు పోయినాక దేవుడు దిగొచ్చినా నట్టు రాదు" అని నాకు పాఠం చెప్పేవారు. దేవుణ్ణి నట్ల దగ్గరికి ఎందుకు లాగుతారని నేను కసురుకునేదాన్ని.

పానాలకు పాత జంపఖానా ముక్కతో ఒక సంచి కుట్టాను. పరిస్తే చాపలాగా, చుడితే దిండులాగా ఉంటుంది. ఒక్కో పానాకు ఒక్కో జేబు. పానాల మీది ఇంగ్లీషు అంకెలు నాకు తెలియవు. అందుకని జేబు అంచున ఎర్ర నూలుతో ముడులు వేశాను. అన్నిటికంటే చిన్నదానికి ఒక ముడి, దాని పైదానికి రెండు... అట్లా ఏడు దాకా. పెట్రోలు గొట్టం నట్టుకు సరిపోయేది మూడు ముడులది. "మూడు ముళ్ళ పానా ఇయ్యే జానకీ" అని అడిగి, "నేను నీకు ఏస్తే నువ్వు దానికి ఏసినావు" అని నవ్వేవారు.

ఆ ముడులు నాకంటే మా మామగారికి ఎక్కువ అక్కరకు వచ్చాయి.

మామగారిది యాభై ఏండ్లు గుడిలో తీర్థం ఇచ్చిన చెయ్యి. కొడుకు మోటారు పట్టుకున్నాడని మొదట ఒక ఏడాది మాట్లాడలేదు. తర్వాత ఆయన కండ్లు పోయాయి. గుడికి పోవడం ఆగింది. ఊరికే కూర్చోలేక ఒకరోజు గోడ తడుముకుంటూ వచ్చి బండి పక్క పలక మీద కూర్చున్నారు.

"ఏం చేస్తాండావురా?"

"నట్టు బిగిస్తాండా నాయనా."

"బిగించేటిది కాదు, అది విప్పే చప్పుడు. నాకు కండ్లు పోయినాయి గానీ చెవులు పోలేదు."

ఆనాటి నుంచి పానాలు అందించేది ఆయనే. జేబుల అంచులు తడిమి, ముడులు లెక్కపెట్టి తీసేవారు. కొన్నాళ్ళకు కొడుకు అడగకముందే ఇచ్చేవారు. ఆయన కూర్చుంటే ఆ పక్కకు బండి కొంచెం వాలేది. స్ప్రింగు పట్టీలు కిర్రుమనేవి. ఆ చప్పుడు వింటే వంటింట్లో ఉన్న నాకు తెలిసేది, మామగారు పనిలోకి వచ్చారని.

ఇచ్చే తీరు ఒకటి ఉండేది ఆయనకు. బండి కింద నుంచి ఈయన అరచెయ్యి చాపితే పానాను ఊరికే పెట్టేవారు కాదు. రెండుసార్లు తాకించి, మూడోసారికి వదిలేవారు. తీర్థం మూడు మార్లు పోసినట్టు. ఈయన వేలికి రాగి ఉంగరం ఉండేది. పానా దానికి తగిలి మెల్లగా చప్పుడయ్యేది. టిక్... టిక్... టిక్.

"ఇదేమన్నా తీర్థమా నాయనా?" అని ఈయన కింద నుంచే నవ్వేవారు.

"చెయ్యి చాపినోనికి ఏదిచ్చినా తీర్థమేరా. తీసుకో."

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. నేను పానాలను నోరు పైకి ఉండేటట్టు జేబుల్లో పెడతాను. మామగారు పెడితే నోరు కిందికి, పిడి పైకి. "పిడి పైకుంటే చేతికి తెలుస్తాదమ్మా" అనేవారు. నేను మళ్ళీ తిప్పి పెట్టేదాన్ని. ఆయన మళ్ళీ తిప్పేవారు. మా ఇద్దరి మధ్యా జరిగిన జగడం ఏదన్నా ఉంటే అదొక్కటే.

గౌరి ఆయనకు ఒక్కతే కూతురు. చనిపోయే ముందు పిల్లను దగ్గరికి పిలిచి తల నిమిరి, "నీ బిడ్డను ఒకసారి చేత్తో తడిమి చూడాలని ఉండాదమ్మా" అన్నారు. అప్పటికి గౌరికి కడుపు కూడా లేదు. ఆ కోరిక తీరకుండానే పోయారు.

ఏటి సూతకం తీరి, ఇంట్లో పండగ మళ్ళీ మొదలైంది ఆ ఏటి నవరాత్రులకే. అప్పటికి గౌరి నిండు నెలలతో పుట్టింట్లో ఉంది. ఆమె మగడు మైసూరులో మేష్టరు. కాన్పుకు ఇంకా పది దినాలు ఉన్నాయని అనుకుంటున్నాం.

ఆనాడు మహర్నవమి... ఆయుధ పూజ.

మా వైపు ఆ రోజు పనిముట్లను కడిగి, బొట్టు పెట్టి, పూజలో పెడతారు. ఒకసారి పెట్టాక మర్నాడు దశమి హారతి అయ్యేదాకా ఎవరూ ముట్టరు. కమ్మరి కొలిమి రాజేయడు. వడ్రంగి ఉలి తీయడు. నేను పొద్దున్నే పానాలన్నీ కుంకుడు రసంతో కడిగాను. సంచిని దేవుని ముందర పరిచి, అన్నీ నోరు పైకే పెట్టాను... నా పద్ధతిలో. ఒక్కొక్కదానికీ కుంకుమ బొట్టు, ఒక్కొక్క చేమంతి పువ్వు. మోటారుకు రెండు అరటి పిలకలు కట్టాం. ఈయన ఆ రోజు మూడుసార్లు అడిగారు, "పానాలు పెట్టినావా?" అని. "పెట్టినా" అని మూడుసార్లు చెప్పాను. పండగనాడు ఆయనకు అదొక్కటే ధ్యాస.

మధ్యాహ్నం గౌరికి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని నాగమ్మ వచ్చింది. రాత్రి భోజనాల వేళ దాటాక ఆమె చేతులు కడుక్కొని బయటికి వచ్చి నా ముందర నిలబడింది.

"బిడ్డ అడ్డం తిరిగుండాదమ్మా. నా చేతిలో లేదు. తెల్లారేలోగా చిక్కబళ్ళాపురం పెద్దాసుపత్రికి చేర్చండి. ఇద్దురూ దక్కుతారు. ఆలీసమైతే నేను చెప్పలేను."

ఆ మాట చెప్పడానికి ఆమెకు ఎంత మనసు చిక్కబట్టుకోవాల్సి వచ్చిందో. ఆమె మొండికి పోయి ఉంటే ఈ కథ ఇంకో రకంగా ఉండేది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

పూజలో పెట్టిన బండిని తీయవచ్చా అని ఎవరూ అడగలేదు. అత్తగారే వచ్చి బండి మీద చెయ్యి పెట్టి, "ప్రాణం కోసం తీస్తాండాము, కోపగించుకోవద్దు" అని బండికి చెప్పారు. ఇంట్లో అఖండ దీపం ఉంది. తొమ్మిది దినాలు ఆరకూడదు. దానికి నూనె పోస్తూ ఆమె ఇంట్లో ఉండిపోయారు.

గౌరి కాన్పుకని ఈయన నెలల తరబడి కూపను పెట్రోలు కొంచెం కొంచెం మిగిల్చి ఒక పాత డబ్బాలో దాచి ఉంచారు. అది పోస్తూ, తల ఎత్తకుండా అడిగారు.

"పానాలు పెట్టినావా?"

నేను దుప్పట్లు, పాతబట్టలు, లాంతరు చేతుల నిండా పెట్టుకొని ఉన్నాను. పొద్దున్నుంచి అడుగుతున్న మాటే కదా.

"పెట్టినా" అన్నాను.

అంతే... ఆ ఒక్క మాట.

బండి బయలుదేరింది. వెనక పలకల మీద పరుపు వేసి గౌరిని పడుకోబెట్టాను. తల నా ఒడిలో. నొప్పి వచ్చినప్పుడల్లా నా చెయ్యి నలిపేసేది. "అమ్మా... అమ్మా" తప్ప ఇంకో మాట లేదు ఆ పిల్ల నోట. ఈయన గుంతలన్నీ తప్పించుకుంటూ, ఉయ్యాల ఊపినట్టు నడిపారు. నవమి వెన్నెల ఉంది. రోడ్డు తెల్లగా కనిపిస్తోంది. ఎదురుగా ఒక్క బండి లేదు. పండగనాడు ఎవరు వస్తారు.

సోమేనహళ్ళి దాటాం. ఇంకా పేరేసంద్ర రాలేదు. ఇంజను ఒకసారి దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఆగిపోయింది.

ఎంత నిశ్శబ్దం అనుకున్నారు... కీచురాళ్ళు. గౌరి ఊపిరి. వేడి ఇంజను చల్లబడుతూ టింగు టింగుమనడం.

ఈయన దిగి చూశారు. ట్యాంకులో పెట్రోలు ఉంది. ఇంజనుకు రావడం లేదు. పాత డబ్బా తుప్పు పెట్రోలుతో పాటు దిగి గొట్టానికి అడ్డం పడింది. ఆ పిల్ల కోసం దాచిన పెట్రోలే ఆ పిల్లకు అడ్డం వచ్చింది.

"ఏం లేదులే. బండి కింద ఒక నట్టు విప్పి, నోటితో ఊదితే పోతాది. గడియ పని. సంచి ఇట్ల ఇయ్యి."

నేను దుప్పట్ల వైపు చూశాను.

"సంచా... సంచి పూజలో ఉండాది కదా."

"పెట్టినానంటివే?"

"పూజలో పెట్టినానంటి... మీరు బండిలో అని అనల్యా."

ఆయన రెండు చేతులూ చొక్కాకు తుడుచుకున్నారు. నాలుగు మాటలు తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత మెల్లగా, "అవునే. నేను అనల్యా. నాదే తప్పు" అన్నారు. ఆ మాటకు నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు రాస్తుంటే కూడా తిరుగుతున్నాయి.

బండిలో ఉన్న ఇనుము అంటే ముందర వేలాడే స్టార్టింగు హ్యాండిలు ఒక్కటే. జాకీతో సహా అన్నీ పూజలో ఉన్నాయి. సోమేనహళ్ళికి నడిచి పోయి ఎవరినన్నా లేపుదామా అన్నాను. "పోయి రావడానికి రెండు గంటలు. పోయినా ఈ పొద్దు ఎవరు ఆయుధం ఎత్తి ఇస్తారు?" అన్నారు. నిజమే. ఆ రాత్రి చుట్టుపట్ల ఊళ్ళల్లో ఒక్క పనిముట్టు కూడా మేలుకొని లేదు. అన్నీ కుంకుమ బొట్టు పెట్టుకొని నిద్రపోతున్నాయి.

నా వక్కాకు సంచిలో అడకత్తెర ఉండింది. అది ఇచ్చాను. ఆయన బండి కింద దూరారు. లాంతరును నేను దగ్గరికి తీసుకుపోబోతే, "వద్దు, పెట్రోలు. దూరంగా పెట్టు" అన్నారు. రోడ్డు పక్క రాయి మీద, ఇరవై అడుగుల అవతల పెట్టి వచ్చి, గౌరి తలను మళ్ళీ ఒడిలోకి తీసుకున్నాను. బండి దగ్గర చీకటి. చంద్రుడు కూడా అప్పటికి కొండ వెనక్కి దిగిపోతున్నాడు.

అడకత్తెర జారింది. చప్పుడు విన్నాను. మళ్ళీ జారింది. "ష్..." అన్నారు. వేళ్ళు చెక్కుకుపోయినట్టున్నాయి.

"వద్దులే" అన్నారు కింద నుంచి. "ఇంకొకసారి జారితే మూలలు పోతాయి. అప్పుడు పానా ఉన్నా లాభం లేదు."

గౌరికి ఇంకో నొప్పి వచ్చింది. ఈసారి అరవలేదు. అరిచే బలం పోయింది. నాకు అదే ఎక్కువ భయమేసింది. చెయ్యి చల్లగా ఉంది. నేను ఆ చెయ్యి వదలలేదు... ఇది మీరు గుర్తు పెట్టుకోవాలి. ఆమె రెండు చేతులూ నా రెండు చేతులూ పట్టుకొని ఉన్నాయి. తల నా ఒడిలో ఉంది. నేను కదలలేదు. దేవుణ్ణి ఏమీ అడగలేకపోయాను. తప్పు చేసిన నోటితో ఏమని అడుగుతాను. ఊరికే పేరు తలుచుకుంటున్నాను.

అప్పుడు...

కీచురాళ్ళు ఆగాయి.

గాలి లేదు. అరటి పిలకల ఆకులు కూడా కదలడం లేదు.

బండి వాలింది.

కొంచెమే. ఎడమ పక్కకు. స్ప్రింగు పట్టీలు కిర్రుమన్నాయి... ఎవరో పక్క పలక మీద మెల్లగా కూర్చున్నట్టు. ఈయన కింద ఉన్నారు. నేను, గౌరి నడుమ ఉన్నాం. ఆ పక్కకు ఎవరూ లేరు. బండి పక్కన కట్టిన తెర సందులోంచి చూశాను. చీకటి. దూరంగా రాయి మీద లాంతరు. లాంతరుకూ నాకూ మధ్య ఏదన్నా అడ్డం ఉంటే కనబడాలి కదా... ఏమీ లేదు. వెలుతురు అట్లే ఉంది.

పచ్చకర్పూరం వాసన వచ్చింది. తీర్థంలో కలిపేది. నా చీరకే పూజ వాసన పట్టి ఉండవచ్చు. ఉండవచ్చు... కానీ పొద్దున్నుంచి లేని వాసన అప్పుడే ఎందుకు వచ్చిందో.

గౌరి కండ్లు తెరిచింది. అంతసేపూ "అమ్మా" అన్న పిల్ల, అప్పుడు మెల్లగా, పలకరిస్తే పలికినట్టు, "నాయనా" అంది.

కింద నుంచి ఈయన గొంతు. అలవాటు గొంతు. నిద్రలో మాట్లాడినట్టు.

"మూడు ముళ్ళది ఇయ్యి."

లేదు కదండీ అని చెప్పడానికి నోరు తెరిచాను.

టిక్...

నా నోరు అట్లే ఉండిపోయింది.

టిక్...

గౌరి వేళ్ళు నా వేళ్ళ మీద వదులయ్యాయి.

టిక్.

ఆ తర్వాత నట్టు తిరిగే చప్పుడు. నాకు బాగా తెలిసిన చప్పుడు. బిగువుగా ఒక్క కీచు... తర్వాత సాఫీగా. పానా సరిగ్గా కూర్చుంటేనే అట్లా వస్తుంది. ఆయన గొట్టాన్ని నోట పెట్టుకొని ఊదడం, ఉమ్మడం, మళ్ళీ ఊదడం విన్నాను. ట్యాంకులో బుడబుడమంది. మళ్ళీ నట్టు బిగించారు. చివర ఒక చిన్న విసురు... ఆయన ఎప్పుడూ చేసేదే.

పానాను పక్క పలక మీద పెట్టిన చప్పుడు కూడా విన్నాను. కొయ్య మీద ఇనుము. మామగారు ఉన్నప్పుడు పెట్టే చోటే.

తర్వాత బండి మళ్ళీ లేచింది. ఎంత మెల్లగా వాలిందో అంత మెల్లగా. కీచురాళ్ళు మొదలయ్యాయి.

నేను భయపడ్డానా అని అడుగుతారు. ఒళ్ళు గగుర్పొడిచింది. కానీ పరుగెత్తాలనిపించలేదు. ఆ చీకట్లో ఉన్నది ఏదైనా సరే, మా మీద కోపంతో వచ్చింది కాదని మాత్రం తెలిసింది.

ఈయన లేచి హ్యాండిలు తిప్పారు. రెండో తిప్పుకే ఇంజను అందుకుంది. లాంతరు తెచ్చుకొని ఎక్కారు. గౌరిని చూసుకోవడమే నా పని అయింది.

చిక్కబళ్ళాపురం చేరేటప్పటికి తూరుపు ఇంకా తెల్లబారలేదు. నర్సమ్మ ఒకామె గౌరిని చూసి, "సరియాద సమయక్కె బందిరి తాయి" అంది. సరైన సమయానికి వచ్చారమ్మా అని. మొదటి కోడి కూసే వేళకు ఆడపిల్ల పుట్టింది. గౌరి దక్కింది. బిడ్డ దక్కింది. ఆ ఆసుపత్రి వాళ్ళ పేర్లు నాకు తెలియవు. వాళ్ళందరినీ కలిపి ఒక్క దండంలో పెట్టుకుంటాను.

పొద్దెక్కాక, గౌరిని ఆ నర్సమ్మకు అప్పజెప్పి, పథ్యం వండుకొని అత్తగారిని పిలుచుకొని రావడానికి మేమిద్దరం బాగేపల్లికి బయలుదేరాం. బండి ఎక్కబోతూ పక్క పలక వైపు చూశాను. పానా లేదు. ఆయన కూడా అటే చూస్తున్నారు.

"దారిలో పడిపోయిందేమో" అన్నారు.

దారిలో ఆ చోట ఆగాం. లాంతరు పెట్టిన రాయి ఉంది. నేల మీద పెట్రోలు మరక ఉంది. అడకత్తెర దొరికింది. రోడ్డుకు రెండు వైపులా గడ్డి విదిలించి వెతికాం. పానా దొరకలేదు.

ఇల్లు చేరి అత్తగారికి మనవరాలి సంగతి చెప్పాం. ఆమె అఖండ దీపం వైపు తిరిగి చాలాసేపు కండ్లు మూసుకున్నారు. నేను పూజ గదిలోకి పోయాను. హారతి ఇంకా కాలేదు. ముట్టకూడదు. చేతులు కట్టుకొని వంగి చూశాను.

సంచి పరిచినట్టే ఉంది. ఏడు జేబుల్లో ఏడు పానాలూ ఉన్నాయి. ఏడు పువ్వులూ ఉన్నాయి. ఆరు పానాలు నోరు పైకి... మూడు ముడుల జేబులోది నోరు కిందికి, పిడి పైకి.

"అత్తా, దీన్ని మీరేమన్నా ముట్టినారా?"

"నేనెందుకు ముడ్తానే? హారతి కాల్యా కదా. ఆడనే కూసోనుంటి రాత్రంతా."

"నిద్ర పట్టిందా?"

"ఒక కునుకు వచ్చుండచ్చు. నడిరేయప్పుడు ఏదో టింగుమంటే లేచినా. ఎలకేమో అనుకొని ఒత్తి ఎగదోసినా." నా ముఖం చూసి, "ఏమే, ఏమాయె?" అన్నారు.

నేను ఇంకా వంగి వాసన చూశాను. పెట్రోలు వాసన వచ్చింది. కానీ రాత్రంతా పెట్రోలు బండిలో ఉన్నదాన్ని. ఆ వాసన పానాదో, నా చీరదో... ఎట్లా చెప్పగలను? పొద్దున పెట్టేటప్పుడు ఆ ఒక్కటి నేనే తిరగేసి పెట్టి ఉంటానా? పనుల తొందరలో చెయ్యి పొరబడి ఉండవచ్చు. పెట్టలేదనే నా మనసు చెప్తుంది. కానీ ఆ ముందరి దినమే ఒక మాట పొరబడినదాన్ని నేను. నా మాటను నేనే ఎంతవరకు నమ్మను?

ఆ రాత్రి అన్నం దగ్గర ఈయనను అడిగాను. "నిన్న మీకు పానా ఎవరిచ్చినారు?"

"ఎవరిస్తారు? నువ్వే ఇచ్చినావు."

"లాంతరు పెట్టి వచ్చినాక నేను బండి దిగల్యా. గౌరి చేతులు వదల్యా."

"సీటు కింద పాతదొకటి పడిందేమో. చేతికి తగిలుంటాది."

"సీటు కింద ఉంటే అడకత్తెర ఎందుకు తీసుకుంటిరి?"

ఆయన మజ్జిగ పోసుకున్నారు. తాగారు. "బిడ్డ దక్కింది కదే" అన్నారు. గౌరిని అడిగితే, రోడ్డు మీద ఆగిందే తనకు గుర్తు లేదంది.

ఇది జరిగి నాలుగేండ్లయింది. యుద్ధం అయిపోయింది. కోళ్ళగూడు ఇంకా నడుస్తోంది. గౌరి కూతురు వచ్చినప్పుడల్లా పక్క పలక మీదే కూర్చుంటానని మొండి చేస్తుంది. ఇప్పుడు ఆయుధ పూజనాడు ఈయన "పానాలు యాడ పెట్టినావు?" అని అడుగుతారు. నేను "పూజలో" అనో "బండిలో" అనో పూర్తిగా చెప్తాను. ఇంట్లో అందరం అట్లాగే మాట్లాడుకోవడం నేర్చుకున్నాం.

ఆ రాత్రి వచ్చింది మామగారా? దారిన పోయే ఏ పుణ్యాత్ముడో పేరు చెప్పకుండా సాయం చేసి పోయాడా? అలసిన నా చెవులు విన్నవేనా అవన్నీ? నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అంతగా లేదు. అందిన దాని కోసం దండం పెట్టడానికి ఇచ్చినవాళ్ళ పేరు తెలియాలని ఏముంది.

ఒక్కటి మాత్రం రాసి ఆపుతాను. ఇప్పుడు బండి రిపేరు చేసేటప్పుడు పానాలు అందించేది నేనే. ముడులు చూసి తీస్తాను. బండి కింద నుంచి ఆయన చెయ్యి వస్తుంది. రాగి ఉంగరం ఉన్న చెయ్యి. నేను ఒక్కసారే పెట్టి వదిలేస్తాను... మూడుసార్లు తాకించడం నా పని కాదు.

ఆయన మాత్రం వెంటనే చెయ్యి వెనక్కి తీసుకోరు. పానా అందిన తర్వాత కూడా, ఇంకొక క్షణం, అరచెయ్యి అట్లే తెరిచి ఉంచుతారు...